పై అంతస్తు కోసం వదిలిన కప్పు

దిల్‌సుఖ్‌నగర్ - ఎల్.బి.నగర్ కాలనీ ఇళ్ల చరిత్ర, కొన్ని ఆలోచనలు

పెన్షనర్లు నలుగురు కలిస్తే మాట్లాడుకునే విషయాలు మూడే. కరువు భృతి, ఆరోగ్యం, ఇల్లు. మొదటి రెండింటిని గూర్చి ఈ ప్రత్యేక సంచికలో పెద్దలు వేరే వ్రాస్తున్నారని కార్యవర్గ మిత్రులు చెప్పినందున మూడవది నా వంతుకు తీసుకున్నాను. నేను ఇంజనీరును కాను. 1972లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో పదవీ విరమణ చేసేవరకు ముప్ఫయ్యారు సంవత్సరాలు ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను. ఫైలు మొదటి కాగితం నుంచి చదవకుండా నోటు పెట్టరాదని మా సెక్షన్‌లో పెద్దలు నేర్పారు. మన ఇళ్ల ఫైలును కూడా ఆ విధంగానే మొదటి నుంచి చదువుదామని ఈ ప్రయత్నం.

ఈ రోజున కొత్తపేట, చైతన్యపురి, సరూర్‌నగర్, వనస్థలిపురం ప్రాంతాల్లో 1975-95 మధ్య కట్టుకున్న సొంత ఇళ్లలో ఉంటున్న మనబోటివారందరి ముందూ ఒకే ప్రశ్న ఉంది. ఎండాకాలం ఇంట్లో ఉండలేకపోతున్నాం. ఏ.సి. పెడితే బిల్లు మోయలేకపోతున్నాం. ఇల్లు కూల్చి బిల్డరుకు ఇవ్వాలా, ఉన్నదాన్నే బాగుచేయించుకోవాలా? దీనికి జవాబు ఆ ఇళ్లు కట్టిన రోజుల్లోనే ఉందని నా అభిప్రాయం.

మిద్దెల నాటి చల్లదనం

మన ప్రాంతం పేర్లలోనే చరిత్ర ఉంది. మూసారాంబాగ్ అనేది 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు నుంచి వచ్చింది. ఆయన సమాధి అక్కడికి దగ్గరలోనే ఉంది. దిల్‌సుఖ్‌నగర్ పేరు దిల్‌సుఖ్ రామ్ అనే జాగీర్దారుదని చెబుతారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఆ తరువాతి దశాబ్దాల్లో పొలాలు, తోటలు మెల్లమెల్లగా ప్లాట్లయ్యాయి. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టుకున్న ఎల్.బి.నగర్ అప్పటికి విజయవాడ రోడ్డు మీద ఊరి బయట మజిలీ. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలుండేవని కొత్త తరానికి చెబితే నమ్మరు.

అంతకు ముందటి ఇళ్లెలా ఉండేవి? పల్లెల్లో గూనపెంకుటిళ్లు, మట్టి మిద్దెలు. పట్నంలో కలిగినవారికి గానుగ సున్నంతో కట్టిన మందపాటి గోడలు, దూలాల మీద ఇటుకలు పేర్చి, పైన సున్నపు కాంక్రీటు దట్టించిన జానెడు మందం కప్పు. మధ్యరకం వారికి ఇనుప గర్డర్ల మీద షాబాదు బండలు పరిచిన కప్పు. గది ఎత్తు పది పన్నెండు అడుగులు. వేడిగాలి పైకి పోయి బయటపడటానికి గోడ పైభాగాన రోషన్‌దాన్‌లు. పండుగకు పండుగకు తెల్లసున్నం వేసేవారు. అది అలంకారమే గాక ఎండను తిప్పికొట్టే ఉపాయం కూడా. ఆఫీసుల్లో ఎండాకాలం కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నౌకర్లు నీళ్లు చల్లుతుంటే, ఆ వాసన మధ్య ఫైళ్లు చూసిన రోజులు మనలో చాలామందికి జ్ఞాపకమే. హైదరాబాదు ఎండ పొడి ఎండ. పొడిగాలి తడి తగిలితే చల్లబడుతుంది. తడికకైనా, తరువాత వచ్చిన గడ్డి కూలరుకైనా సూత్రం అదే.

ఆ ఇళ్లలో కష్టాలు లేవని కాదు. వానాకాలం మిద్దెలు కారేవి. చెదలు, తేళ్లు, ఏటేటా మరమ్మతు. అందుకే ఆర్.సి.సి. స్లాబు రాగానే అందరం సంతోషంగా దానివైపు వెళ్లాం. స్లాబు ఇల్లంటే హోదా. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు "సొంత స్లాబిల్లు ఉంది" అని చెప్పుకునేవారు.

సిమెంటు పర్మిట్ల కాలం

మనలో చాలామంది ప్లాట్లు సహకార గృహనిర్మాణ సంఘాల ద్వారానో, తోటల యజమానుల లేఔట్ల ద్వారానో కొన్నవే. నూటయాభై, రెండు వందలు, మహా అయితే మూడు వందల గజాలు. ఇంటి నిర్మాణానికి ప్రభుత్వం ఇచ్చిన అడ్వాన్సు, జి.పి.ఎఫ్. నుంచి తీసినది, ఇల్లాలి నగల మీద తెచ్చినది - ఈ మూడూ కలిస్తే పునాది. సిమెంటు కంట్రోలులో ఉండేది. పర్మిటు తెచ్చుకుంటే గాని బస్తా దొరికేది కాదు. 1982లో కేంద్రం కంట్రోలును కొంత సడలించింది. 1989లో పూర్తిగా ఎత్తివేసింది. మన కాలనీలలో స్లాబు ఇళ్లు గుంపులుగా లేచింది సరిగ్గా ఆ ఏడెనిమిదేళ్లలోనే.

ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించాలి. ఈ వ్యాసానికి అదే ముఖ్యం. మన ఇళ్ల డాబాల మీదికి ఎక్కి చూడండి. పిల్లర్ల చువ్వలు రెండడుగులు పైకి నిలబడి ఉంటాయి. తుప్పు పట్టకుండా కొందరు సిమెంటు పూస్తారు, కొందరు ప్లాస్టిక్ సీసాలు బోర్లిస్తారు. ఎందుకు వదిలాం ఆ చువ్వలు? పైన ఇంకో అంతస్తు వేయటానికి. పెద్దవాడికి పెళ్లయితే పైవాటా, చిన్నవాడికి ఆ పైది. ఆ లెక్కతోనే స్లాబు మీద సున్నపు కాంక్రీటు గాని, పెంకు పరుపు గాని వేయలేదు. రేపు అదే పైవాటాకు నేల అవుతుంది కదా, ఇప్పుడెందుకు దండగ అనుకున్నాం. పైగా అప్పటికి డబ్బు కూడా అయిపోయేది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పలక, దానిమీద పలుచని సిమెంటు పూత. అంతే మన కప్పు.

ఆ నిర్ణయం తప్పనటం లేదు. ఆనాటి లెక్కకు అదే సబబు. అయితే ఆ కప్పు కప్పుగా ఉండటానికి వేసింది కాదు. పై గదికి నేలగా మారేవరకు తాత్కాలికంగా ఎండకు వదిలినది. ఆ తాత్కాలికం నలభై ఏళ్లు సాగింది. పిల్లలు బెంగుళూరుకో, కొండాపూర్‌కో, డల్లాస్‌కో వెళ్లారు. చువ్వలు అలాగే ఉన్నాయి.

వేడి ఎక్కడి నుంచి వస్తోంది

హైదరాబాదు సుమారు పదిహేడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరొకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. నిటారుగా నిలిపిన కర్రకు నీడ పడదు. అంటే మన ఎండాకాలంలో దక్షిణపు గోడకు పెద్దగా ఎండ తగలదు. పడేదంతా కప్పు మీదే. సాయంత్రం పడమటి గోడ మీద. కూలరు తడి, కిటికీ తెర, తలుపు సందు - వీటితో కుస్తీ పడతాం గాని, ఎండ వచ్చేది పైనుంచి.

కాంక్రీటు పలక పగలంతా వేడిని తాగుతుంది. అది కిందికి దిగటానికి కొన్ని గంటలు పడుతుంది. కాబట్టి బయట చల్లబడే వేళకు ఇంట్లో కాగుతుంది. రాత్రి పదింటికి పైకప్పు కింద పడుకున్న మనిషికి పొయ్యి మీద పెనం కింద పడుకున్నట్లుంటుంది. ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పుతుంది. వెనుక ఇళ్లలో కప్పు మందం, సున్నపు తెలుపు, రోషన్‌దాన్ ఈ పని చూసుకునేవి. స్లాబు ఇల్లు ఆ మూడు పనుల్నీ కరెంటుకు అప్పగించింది.

అప్పుడు మన ఇంటికి రెండో స్లాబు వచ్చింది. మొదటిది నెత్తి మీది ఆర్.సి.సి. స్లాబు. రెండోది కరెంటు బిల్లులోని స్లాబు. మొదటిది కాగితే ఏ.సి. తిరుగుతుంది. ఏ.సి. తిరిగితే యూనిట్లు ఒక స్లాబు దాటి పై స్లాబులో పడతాయి. పై స్లాబులో యూనిటు ధర ఎక్కువ. పెన్షనరు ఈ రెండు స్లాబుల మధ్య నలుగుతున్నాడు.

ఎండ విషయాన్ని తేలికగా తీసుకోరాదు. 1966 జూన్ 2న హైదరాబాదులో 45.5 డిగ్రీలు నమోదైంది. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలమందికి పైగా మరణించారు. వయసు పైబడినవారికి చెమట సరిగా పట్టదు, దాహం సరిగా తెలియదు. బి.పి. మందులు వాడేవారికి ఇంకా ఇబ్బంది. రాత్రిపూట శరీరం చల్లబడకపోతే మరునాటి ఎండను తట్టుకునే శక్తి తగ్గుతుంది. కనుక ఇది సుఖం గురించిన ప్రశ్న మాత్రమే కాదు.

హాస్టళ్లు, బోర్లు, రేకుల షెడ్లు

1990ల నుంచి దిల్‌సుఖ్‌నగర్ రూపం మారింది. కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు, కోచింగ్ సెంటర్లు వచ్చాయి. జిల్లాల నుంచి పిల్లలు వేల సంఖ్యలో వచ్చారు. చైతన్యపురిలో, గడ్డిఅన్నారంలో ఇంటింటికీ "టు లెట్" బోర్డు వేలాడింది. కొందరు పై అంతస్తులు వేశారు. మరికొందరు డాబా మీద రేకుల షెడ్డు వేసి అద్దెకిచ్చారు. ఎండాకాలం రేకు కింద చదువుకున్న ఆ పిల్లల్ని తలచుకుంటే ఇప్పటికీ జాలి వేస్తుంది. పెన్షనుకు అద్దె తోడైతే ఆడపిల్ల పెళ్లి గట్టెక్కేది. ఆ రోజుల్లో అదీ అవసరమే.

నీళ్ల సంగతి కూడా ఇటువంటిదే. చేదబావులు ఎండితే బోర్లు వేశాం. బోర్లు ఎండితే ఇంకా లోతుకు వేశాం. తరువాత ట్యాంకర్లు. 2004లో కృష్ణా నీరు మొదటి దశ వచ్చింది. నాగార్జునసాగర్ జలాశయం నుంచి వంద కిలోమీటర్లకు పైగా దూరం పంపులతో ఎత్తిపోసి సాహెబ్‌నగర్ రిజర్వాయర్లకు తెచ్చారు. మన సంపులో పడే ప్రతి బిందెకూ ఎక్కడో ఒక మోటారు తిరుగుతోందన్నమాట. నీళ్లు పొదుపు చేస్తే కరెంటూ పొదుపే.

2000 ఆగస్టు నెల మన తరానికి ఒక గుర్తు. ఆ నెల 24న నగరంలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడి వరద వచ్చింది. నాలుగు రోజులకు, 28న, పెంచిన కరెంటు చార్జీలకు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శన మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు మరణించారు. అంతకు ముందు సంవత్సరమే విద్యుత్ బోర్డును విడదీసి జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చేశారు, నియంత్రణ మండలి ఏర్పడింది. కరెంటు బిల్లు రాజకీయ విషయంగా, ఇంటింటి విషయంగా మారింది అప్పుడే. వరద పాఠం మాత్రం మనం మరిచిపోయాం. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మళ్లీ మునిగాయి. నేలంతా సిమెంటు చేస్తే నీరు ఇంకదు, వేడి తగ్గదు. రెండింటికీ కారణం ఒక్కటే.

చట్టం గీత ఎక్కడ గీసింది

ఇల్లు చల్లగా ఉండాలి, కరెంటు తక్కువ కాలాలి అనే ఆలోచనకు మన నగరంలో మంచి చరిత్రే ఉంది. 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారు హైదరాబాదులో సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరును ప్రారంభించారు. హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు అమెరికా వెలుపల మొదటిసారి పొందిన భవనం అదే. ఆ తరువాత అమెరికాలోని బర్క్‌లీ ప్రయోగశాలవారూ, మన ట్రిపుల్ ఐటీవారూ కలిసి హైదరాబాదు పరిసరాల్లోని కార్యాలయ భవనాల కప్పులకు తెల్లపూత వేసి కొలిచారు. మామూలు కాంక్రీటు కప్పును తెల్లగా చేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 13-14 యూనిట్లు, నల్లని కప్పును తెల్లగా చేస్తే 20-22 యూనిట్లు ఆదా అయినట్లు తేల్చారు. అవి పగలంతా ఏ.సి. తిరిగే భవనాలు. మన ఇళ్లలో యూనిట్ల ఆదా అంత ఉండకపోవచ్చు గాని, ఏ.సి. లేని గదిలో చల్లదనం రూపంలో ఆ లాభం దక్కుతుంది.

2017లో నగరంలోని కొన్ని పేదల ఇళ్ల కప్పుల మీద తెల్లని పొర పరిచి చూశారు. ఇంట్లో వేడి సుమారు రెండు డిగ్రీలు తగ్గింది. 2023 ఏప్రిల్ 3న తెలంగాణ ప్రభుత్వం 2023-28 కాలానికి కూల్ రూఫ్ పాలసీ ప్రకటించింది. దేశంలో ఏ రాష్ట్రమైనా ఇటువంటి పాలసీ తేవటం అదే మొదలు. అహ్మదాబాదు, అమెరికాలో న్యూయార్కు వంటి నగరాలు ఈ పని ముందే మొదలుపెట్టాయి. ఐదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పులు, అందులో 200 హైదరాబాదులో అన్నది లక్ష్యం.

ఇప్పుడు ఆ పాలసీలోని ముఖ్యమైన షరతు చూడండి. ప్రభుత్వ భవనాలకు, వ్యాపార భవనాలకు ఇది తప్పనిసరి. నివాస గృహాలకైతే 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టేవాటికి తప్పనిసరి. దాని లోపువారికి ఐచ్ఛికం. అలాగే నివాస భవనాల కోసం కేంద్రం 2018 డిసెంబరులో తెచ్చిన ఎకో నివాస్ సంహిత 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాలకు ఉద్దేశించినది. 500 మీటర్లంటే దాదాపు 600 గజాలే. రెండు గీతలూ ఒకే చోట పడ్డాయి. మన నూటయాభై, రెండు వందల గజాల ఇళ్లు రెండింటికీ బయటే.

ఫైలు భాషలో చెప్పాలంటే "మన కేసు నిబంధనల పరిధిలోకి రాదు". ఏ అధికారీ వచ్చి మన కప్పు తెల్లగా చేయమని నోటీసు ఇవ్వడు. ఆ నిర్ణయం చేయవలసినది ఇంటి యజమానే. కొత్తపేట నుంచి హయత్‌నగర్ దాకా ఇటువంటి చిన్న కప్పులు ఎన్ని ఉన్నాయో మేడ మీద నిలబడి చూస్తే తెలుస్తుంది. వీధి మొత్తం మీద వేడి తగ్గాలంటే తగ్గవలసింది వీటి మీదే.

మా వీధిలో మూడు ఇళ్లు

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్‌కు మెట్రో రైలు మొదలైంది. ఆ తరువాత బిల్డర్లు మా వీధికి కూడా వచ్చారు. పేర్లెందుకు గాని, పక్కపక్కనే ఉన్న మూడు ఇళ్ల సంగతి చెబుతాను.

మొదటి ఇంటివారు స్థలం డెవలప్‌మెంటుకు ఇచ్చారు. వేపచెట్టు, బావి, నలభై ఏళ్ల ఇల్లు పదిరోజుల్లో పోయాయి. వారి వాటాకు రెండు ఫ్లాట్లు వచ్చాయి. లిఫ్టు ఉంది, కాపలా ఉంది. పెద్దవయసులో అది సౌకర్యమే. కాని పడమటి వైపు పెద్ద గాజు కిటికీలు, వాటిమీద ఛజ్జా లేదు. మధ్యాహ్నం మూడు దాటితే తెరలు దించి ఏ.సి. వేయవలసిందే. రెండో ఇంటివారు పైన రేకుల షెడ్డు వేసి, కింద రెండు ఏ.సి.లు పెట్టారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ ఇంటాయన బిల్లు చేతికి రాగానే ముందు కళ్లజోడు తీసి పక్కన పెడతారు. మూడో ఇల్లు ఒక ఫ్యామిలీ పెన్షనరు తల్లిది. భర్త పోయారు, కొడుకు విదేశంలో ఉన్నాడు. "అమ్మా, అమ్మేసి వచ్చేయి" అని అతను. ఆమె వెళ్లలేదు. స్లాబు పగుళ్లు పూడ్పించి, పగిలిన తెల్ల టైల్సు ముక్కలు కప్పంతా పరిపించింది. పైకి లేచిన చువ్వలు కోయించింది. "ఇంక పైన కట్టేవాళ్లెవరు నాయనా, ఉన్న గదైనా చల్లగా ఉండనీ" అన్నది. ఎండాకాలం మధ్యాహ్నాలు మా ఆవిడ అక్కడికే వెళ్లి కూర్చుంటుంది.

ఆ తల్లి మాటలో ఇంజనీరింగు కంటే పెద్ద సంగతి ఉంది. చువ్వలు కోయటం అంత సులభం కాదు. మన పిల్లలు మన నెత్తిన ఇల్లు కట్టుకుంటారన్న ఆశను కోసుకున్నట్లే ఉంటుంది. మనలో చాలామంది కప్పు బాగుచేయించకుండా వాయిదా వేయటానికి ఖర్చు కంటే ఇదే అసలు కారణమేమో ఆలోచించండి. కట్టని అంతస్తు కోసం ఉన్న అంతస్తులో ఉడుకుతున్నాం.

వరుస క్రమం

బాగుచేయించుకోదలచినవారికి నాకు తెలిసిన వరుస ఇది.

మొదట స్లాబు ఆరోగ్యం. పెచ్చులూడుతుంటే, చువ్వలు తుప్పుపట్టి కనిపిస్తుంటే తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించాలి. జబ్బు కప్పు మీద రంగు వేయటం వృథా. బాగుచేయలేని స్థితికి చేరిన ఇళ్లు కొన్ని ఉంటాయి. వాటిని ఖాళీ చేయటమే మేలు.

రెండవది కప్పు తెలుపు. సున్నం పూత, కూల్ రూఫ్ రంగు, తెల్ల టైల్సు ముక్కలు - స్తోమతును బట్టి. పాలసీ విడుదల నాడు ప్రభుత్వం చెప్పిన అంచనా చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు. వెయ్యి చదరపుటడుగుల కప్పు అంటే 93 మీటర్లు. ఆ లెక్కన ఇరవై ఎనిమిది వేలు. ఇప్పటి ధర కనుక్కోవాలి. మన దుమ్ముకు తెలుపు మాసిపోతుంది, ఏటా ఎండాకాలానికి ముందు కడిగించాలి.

మూడవది పడమటి గోడ. ఛజ్జా, వెదురు తడిక, తీగ పందిరి, చెట్టు - ఏదో ఒక నీడ. మూసేసిన రోషన్‌దాన్‌లుంటే దోమతెర బిగించి తెరవాలి.

నాలుగవది ఫ్యాన్లు, దీపాలు. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తింటుంది. ఇప్పటి బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్లు. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకు నెలకు 16 యూనిట్లు మిగులు. నాలుగు ఫ్యాన్లకు 64 యూనిట్లు. చాలా ఇళ్లలో బిల్లును ఒక స్లాబు కిందికి దించటానికి ఇది చాలు. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు స్టార్ గుర్తు తప్పనిసరి. కొనేటప్పుడు చూడండి.

ఐదవది ఏ.సి. పై పనులన్నీ అయ్యాక, ఇంకా అవసరమైతే, పడుకునే గదికి ఒక్కటి. 24 డిగ్రీల మీద పెట్టి ఫ్యాను కూడా వేసుకోవాలి. ఒక డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు తగ్గుతుందని ఇంధన పొదుపు సంస్థ లెక్క.

చివరగా సౌరఫలకాలు. 2024 ఫిబ్రవరిలో ఆమోదం పొందిన పి.ఎం. సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కొక్కదానికి 30 వేలు, మూడు కిలోవాట్లు ఆపైన మొత్తం 78 వేల రూపాయల సబ్సిడీ నిర్ణయించారు. ఫ్లాట్ల సంఘాలకు ఉమ్మడి అవసరాల కోసం కిలోవాటుకు 18 వేలు. కిలోవాటుకు సుమారు వంద చదరపుటడుగుల నీడలేని చోటు కావాలి, రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి. ఫలకాల నీడ కప్పుకు అదనపు లాభం. దరఖాస్తుకు ముందు షరతులు స్వయంగా చదువుకోండి, ఏజెంటు మాట మీద సంతకం పెట్టవద్దు. 2024లో వచ్చిన 200 యూనిట్ల గృహజ్యోతి ఉచితం తెల్లరేషన్ కార్డు కుటుంబాలకు ఉద్దేశించినది గనుక మనలో చాలామందికి వర్తించలేదు. మన పొదుపు మనమే చేసుకోవాలి.

బిల్డరుకే ఇవ్వదలిస్తే

అది కూడా గౌరవించదగిన నిర్ణయమే. మోకాళ్ల నొప్పులవారికి లిఫ్టు విలువ ఏమిటో నాకు తెలుసు. అయితే ప్రపంచంలో మానవుల వల్ల వెలువడే బొగ్గుపులుసు వాయువులో ఏడెనిమిది శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది. నిలిచి ఉన్న ఇల్లు ఆ ఖర్చు ఎప్పుడో చెల్లించేసింది. కూల్చితే మళ్లీ మొదటినుంచి చెల్లించాలి. కూల్చక తప్పదంటే కొత్తదైనా సరిగా కట్టించుకోవాలి.

మనం గుమాస్తాలం. నోటిమాటకు విలువ లేదని మనకు చెప్పనక్కరలేదు. వాటా శాతం, అడ్వాన్సు, గడువు మాత్రమే గాక ఈ సంగతులు కూడా ఒప్పంద పత్రంలో వ్రాయించండి: పడమటి కిటికీలన్నిటికీ ఛజ్జాలు, తెల్లని లేదా టైల్సు పరిచిన పైకప్పు, సౌరఫలకాలకు డాబా మీద ఉమ్మడి హక్కు, ఇంకుడు గుంత, వీలైనన్ని చెట్లు ఉంచటం. డాబా హక్కు ఎవరిదో వ్రాయకపోతే రేపు అక్కడ పెంట్‌హౌసు లేస్తుంది. సంతకానికి ముందు పిల్లలతో పాటు ఇల్లాలి అభిప్రాయం కూడా అడగండి. ఆ వంటింటి వేడి మనకంటే ఆమెకే ఎక్కువ తెలుసు.

ఈ ఫైలు మీద నా నోటు ఇంతే. మన ఇళ్లకు ఇంతకాలం కప్పు లేదు, రాబోయే అంతస్తుకు నేల మాత్రమే ఉంది. ఆ అంతస్తు రాదని తేలినవారు ఉన్నదాన్ని కప్పుగా పూర్తిచేసుకోవాలి. సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య వానలు ఉండవు, ఎండ ముదరదు, మేస్త్రీలు దొరుకుతారు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ తరువాత వచ్చేది ఎండే. పని ఆ లోపల జరిగిపోవాలి. మన సంఘం సభ్యులు ఒక్కో వీధిలో పదిమంది కలిసి ఒకే మేస్త్రీతో మాట్లాడుకుంటే ధర కూడా కలిసివస్తుందని మనవి.